మా ఊరికి పచ్చరంగు పూసినవాళ్లు

తెల్లాపూర్‌లోని ఒక గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో ఏదో మీటింగ్ ఉందని, వెళ్లి రమ్మని మా డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. నేను పటాన్‌చెరులో ఒక తెలుగు దినపత్రికకు విలేకరిని. వార్తలు రాయడం నా పనిలో సగం, ప్రకటనలు తేవడం మిగతా సగం. ఈ మీటింగ్ ఏ సగంలోకి వస్తుందో ఫోన్ చేసినవాళ్లు చెప్పలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా బైకును లోపలికి రానివ్వలేదు. డెలివరీవాళ్లు బళ్లు ఆపే చోట పెట్టి, మణికట్టుకు ఒక కాగితం పట్టీ వేయించుకుని, స్విమ్మింగ్ పూల్ పక్కనుంచి నడిచి వెళ్లాను. లోపల ఏసీ గదిలో గుండ్రటి బల్లలు వేశారు. ఒక్కో బల్ల చుట్టూ విద్యార్థులు, విలేకరులు, ‘సముదాయ నాయకులు’ కలిసి కూర్చోవాలట. తెలిసినవాళ్ల పక్కన తెలిసినవాళ్లు కూర్చుంటే కుదరదట. నగరం నుంచి వచ్చిన ఒక సంస్థ ఈ ఏర్పాటంతా చేసింది. దాని డైరెక్టర్ నలభై దాటిన మనిషి, గొంతు పెంచకుండా మెత్తగా మాట్లాడతాడు. కుర్చీలో మాత్రం కూర్చోడు. తాను ప్రజల మనిషినని మనకు తెలియడానికి నేల మీద బాసింపట్టు వేసుకుంటాడు. ఆయనకు ఇంకో అలవాటు ఉంది. మనం ఏం చెప్పినా దాన్నే కాస్త తిప్పి మనకే అప్పజెబుతాడు. అప్పుడు అది ఆయన ఆలోచన అవుతుంది.

గోడకు అంటించే రంగు చీటీలు పంచి, మీ ఊరి సమస్యను ఒక్క మాటలో రాయమన్నారు. నేను ‘వాసన’ అని రాశాను. మా ఊరు పారిశ్రామికవాడ వెనకాల ఉంది. మందుల కంపెనీలూ రసాయనాల కంపెనీలూ వదిలే వాసన తెల్లవారుజామున ఊరి మీదికి దిగుతుంది. చలికాలమైతే పొగమంచు కింద ఇరుక్కుని ఎండ ముదిరేదాకా కదలదు. ఒకనాడు మాడిన పప్పులా ఉంటుంది, ఇంకోనాడు మురిగిన గుడ్డులా. ఒక్కోసారి ఆసుపత్రి వార్డును అప్పుడే కడిగినట్టు ఉంటుంది. పెళ్లయిన కొత్తలో నా భార్య ముక్కుకు కొంగు చుట్టుకుని వంట చేసేది. తరువాత ఆ అలవాటు మానుకుని వాసనను అలవాటు చేసుకుంది.

డైరెక్టర్ నా చీటీ ముందు ఆగాడు. “అంటే, వాసన కూడా డేటాయే అంటున్నారు మీరు. కదా?” అన్నాడు.

నేను అలా అనలేదు. కానీ గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ప్రాజెక్టుకు కొబ్బరికాయ కొట్టిన చేయి నాదేనని తరువాత చాలా రోజులు వాళ్లు చెప్పుకున్నారు.

సముదాయ నాయకుల్లో మా ఊరి తరఫున వచ్చింది మా బావ. మేనత్త కొడుకు, నాకంటే పెద్దవాడు, ఒకప్పటి సర్పంచ్. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, చేతికి వెండి కడియం. డైరెక్టర్ ఆయన్ని “నేలను నమ్ముకున్న రైతు” అని పరిచయం చేశాడు. నమ్ముకున్న సంగతి నాకు తెలియదు గానీ, అమ్ముకోవడం మాత్రం నా కళ్లముందే జరిగింది. తన నేల అయిపోయాక పక్కవాళ్ల నేల అమ్మిపెట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఊరి చుట్టూ ఉన్న వెంచర్లలో ఆయన చేయి పడనిది లేదు. పరిచయం విని బావ లేచి, రైతులాగే రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. అంత వినయం ఆయన ఎన్నికలప్పుడు కూడా చూపించలేదు.

ఆ తరువాత ఫోన్లలో వేసుకునే ఒక యాప్ చూపించారు. వాసన వచ్చినప్పుడు ముక్కు బొమ్మ మీద నొక్కాలి. కొంచెం వాసనైతే ఒక ముక్కు, భరించలేకపోతే వరసగా చాలా ముక్కులు. ఎక్కువమంది నొక్కిన చోటు పటంలో ఎర్రబడుతుంది, లేకపోతే పచ్చగా ఉంటుంది. బొమ్మ పైన ‘మీ ఘ్రాణానుభవ తీవ్రతను ఎంచుకోండి’ అని తెలుగులో రాసి ఉంది. మా ఊళ్లో ఎవరికీ ఘ్రాణానుభవం లేదనీ, ఉన్నది వాసనేననీ, ఆ ఒక్క మాట మార్చమనీ చెప్పాను. చాలా విలువైన సూచన అన్నాడు డైరెక్టర్. పక్కనున్న అమ్మాయి దాన్ని ల్యాప్‌టాప్‌లో ఎక్కించింది కూడా. యాప్ మూసేసే రోజు వరకూ ఘ్రాణానుభవం ఘ్రాణానుభవంగానే ఉంది.

ఇళ్లిళ్లూ తిరిగి జనం చేత యాప్ వేయించే పని ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులకు అప్పజెప్పారు. అందరికీ పసుపుపచ్చ టీషర్టులు ఇచ్చారు. వాటి వీపు మీద ‘నా ముక్కు – నా హక్కు’ అని అచ్చు వేయించారు. ఆ మాట కనిపెట్టినవాడికి ఆ సాయంత్రం డైరెక్టర్ స్వయంగా కరచాలనం చేశాడు. పిల్లలు మా ఊరి మురుగు నాలా దగ్గర నిలబడి ముక్కులు మూసుకుని ఫొటోలు దిగారు. చాయ్ తాగి, ఎండెక్కువగా ఉందని వెళ్లిపోయారు. మరునాడు మళ్లీ వచ్చింది ఒక్క అమ్మాయే.

ఆమెది జోగిపేట. వాళ్ల నాన్నకు మార్కెట్లో పప్పుధాన్యాల దుకాణం ఉంది. చిన్నప్పటి నుంచి గల్లా పక్కన కూర్చుని బేరాలు వింటూ పెరిగిన పిల్ల, తలుపు కొట్టడానికి సిగ్గుపడదు. ఒక్కో విలేకరీ ఒక్కో విద్యార్థికి దారి చూపించాలని సంస్థ నియమం పెట్టింది కాబట్టి నేను ఆమెతో తిరిగాను.

మేం మొదట తలుపు కొట్టిన ఇంట్లో ఒకామె వాకిట్లో గిన్నెలు తోముతోంది. ఆరోజు వాసన గొంతుకు అంటుకుంటోంది. ఆమె కొంగు ముక్కు మీదే ఉంది.

“అత్తా, వాసన వచ్చినప్పుడు దీంట్ల నొక్కితే చాలు, పటంల కనిపిస్తది,” అంది అమ్మాయి.

“వాసనా? ఏం వాసన బిడ్డా?” అందామె కొంగు తీయకుండానే. “మాకేం వస్తలేదు.”

అమ్మాయి నా ముఖం చూసింది. నేను గోడ చూశాను. పక్కింట్లోనూ ఇదే మాట, ఆ పక్కింట్లోనూ ఇదే. ఒకాయన తమ ఊరి గాలి ఊటీ గాలి లాంటిదని చెబుతూ మధ్యలో దగ్గాడు. ఆ అబద్ధాలు చెప్పింది కంపెనీల మనుషులు కాదు, మా వాళ్లు. నాతో బడికి వచ్చినవాళ్లు, నా పెళ్లిలో బంతిలో కూర్చుని తిన్నవాళ్లు. క్లబ్‌హౌస్‌లో నాకు కలిగిన చిరాకు ఆరోజు ఊరి మీదికి మళ్లింది.

సంగతేమిటో చాయ్ హోటల్ దగ్గర బావే చెప్పాడు. మాకంటే ముందే ఆయన ఊరంతా తిరిగాడు. ఆ విషయం ఆయన దాచలేదు.

“బామ్మర్దీ, వాసన వస్తదా రాదా అని నన్నడగకు. నాకు గూడ ముక్కున్నది,” అన్నాడు. “కని గా పటంల మన ఊరు ఎర్రగైతే ఏమైతదో జెర సోచాయించు. బ్యాంకోడు లోన్ ఇయ్యడు. హైదరాబాదోడు కారు దిగడు. పంటలు పోయినయ్, బోర్లు పోయినయ్. ఇగ మనకు మిగిలింది ప్లాట్లే. గవి గూడ పోగొడ్తవా?”

మరి ఆ ప్రాజెక్టులో నువ్వెందుకు చేరావని అడిగాను. లోపల ఉంటేనే కదా ఏం జరుగుతుందో తెలిసేది అని నవ్వాడు. బావ మీద నాకు కోపం వచ్చింది గానీ, ఆ గదిలో కూర్చున్న అందరిలోనూ తాను ఎందుకు వచ్చాడో తెలిసినవాడు ఆయన ఒక్కడేనని ఒప్పుకోక తప్పలేదు.

మా ఇంట్లోనూ పరిస్థితి వేరు కాదు. ఊరి వెనక మాకు కొంచెం జాగా ఉంది. నేను ఫోన్ తీసి ముక్కు నొక్కుతుంటే నా భార్య చూసింది.

“నొక్కు. నేనొద్దంటనా?” అంది. “రేపు ఆ జాగ అమ్మవోతే గా ఎర్ర రంగు సూపెట్టి సగానికి అడుగుతరు. అప్పుడు ఎవ్వరికి చెప్పుకుంటవో చెప్పుకో.”

నేను నొక్కాను. మరునాడూ నొక్కాను. పటం మాత్రం పచ్చగానే ఉంది. ఎందుకని అడిగితే, ఒకే ఫోన్ నుంచి పదేపదే వచ్చే ఫిర్యాదును యంత్రం నమ్మదని సంస్థవాళ్లు చెప్పారు. ఎవరో ఆకతాయి అనుకుని తీసేస్తుందట. విలేకరిగా ఇన్నేళ్లు పనిచేసిన తరువాత నన్ను ఆకతాయిగా గుర్తించింది ఆ యంత్రమే.

వర్షాకాలం పోయి చలి మొదలయ్యాక పటం తయారైందని పిలిచారు. మళ్లీ అదే క్లబ్‌హౌస్. గోడ మీద పెద్దగా వేసి చూపించారు. తెల్లాపూర్ అంతా ఎర్రగా మండిపోతోంది. అక్కడ ఉండేవాళ్ల చేతిలో ఫోన్లూ ఉన్నాయి, తీరికా ఉంది. పక్కనున్న బర్రెల కొట్టం వాసన, ఎదురు ఫ్లాట్‌లో చేపల కూర వాసన, లిఫ్టులో ఎవరిదో సెంటు వాసన, దేన్నీ వదలకుండా నొక్కారు. పారిశ్రామికవాడ వెనక ఉన్న మా ఊరూ, మా చుట్టుపక్కల ఊళ్లూ మాత్రం వరి మళ్లలా పచ్చగా ఉన్నాయి.

జోగిపేట అమ్మాయి చేయెత్తింది. అక్కడ ఎవరూ నొక్కలేదనీ, నొక్కలేదంటే వాసన లేదని కాదనీ, పచ్చరంగు వేయకుండా ఆ చోటును తెల్లగా వదిలేయాలనీ చెప్పింది. క్లుప్తంగా, మర్యాదగా చెప్పింది.

“అంటే, మౌనం కూడా ఒక సమాధానమే అంటున్నావు నువ్వు. కదా?” అన్నాడు డైరెక్టర్.

“కాదు సార్. మౌనం సమాధానం కాదంటున్న,” అంది అమ్మాయి.

నేనూ ఆమె పక్షాన మాట్లాడాను. తెల్లవారుజామున ఒక్కసారి మా ఊరికి వచ్చి నిలబడమని ఆయన్ని పిలిచాను. ఆయన ఎప్పుడు వచ్చినా ఎండెక్కాకే వచ్చేవాడు, అప్పటికి గాలి తేలికపడేది. తప్పకుండా వస్తానన్నాడు, రాలేదు. తెల్లగా వదిలితే పటం అసంపూర్తిగా కనిపిస్తుందని, నిధులిచ్చేవాళ్లకు బాగుండదని పటానికి రంగులు వేసే కుర్రాడు మెల్లగా చెప్పాడు. ఆ సంస్థవాళ్ల నోట నేను విన్న నిజం అదొక్కటే.

సంగారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో పటాన్ని ఆవిష్కరించారు. విద్యార్థులు, విలేకరులు, నాయకులు చేతిలో చేయి వేసుకుని నిలబడి ఫొటో దిగాలన్నారు. నేనూ నిలబడ్డాను. బావకు శాలువా కప్పారు. ఆయన మైకు పట్టుకుని, తమ ఊరి గాలి గురించి ఇన్నాళ్లు అపోహలుండేవనీ, చదువుకున్న పిల్లలు వచ్చి నిజం తేల్చారనీ చెప్పాడు. డైరెక్టర్ కూడా చప్పట్లు కొట్టాడు. పచ్చరంగు సంగతి నేను వార్తగా రాసి పంపించాను. మరునాడు లోపలి పేజీలో అరచేయంత వార్త వచ్చింది. దానికి డెస్క్ పెట్టిన శీర్షిక ‘విద్యార్థుల వినూత్న ప్రయోగం’. నేను రాసిన అసలు ముక్క అందులో లేదు. దాని పక్కనే బావ వెంచర్ ప్రకటన రంగుల్లో మెరుస్తోంది. ఆ ప్రకటన నా ద్వారా వచ్చిందే.

తరువాత కొద్ది రోజులకు మా ఊరి మొదట్లో ఒక పెద్ద ఫ్లెక్సీ లేచింది. ‘గ్రీన్ జోన్. విద్యార్థులు, పాత్రికేయులు, ప్రజలు కలిసి నిర్ధారించిన స్వచ్ఛమైన గాలి. స్పాట్ రిజిస్ట్రేషన్.’ దాని కింద పటం, పటం కింద సంగారెడ్డిలో దిగిన ఫొటో. ఫొటోలో బావ మధ్యన ఉన్నాడు, డైరెక్టర్ ఒక పక్కన, నేను ఇంకో పక్కన. నా పక్కన జోగిపేట అమ్మాయి. మా తలల వెనక నుంచి కొబ్బరిచెట్లూ ఫౌంటెన్లూ మొలిచాయి. మా ఊళ్లో కొబ్బరిచెట్టు నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఫ్లెక్సీ ఫొటో తిరిగి తిరిగి ఫోన్లలో జోగిపేట దాకా పోయింది. చదువు మానేసి ప్లాట్ల దందాలో దిగావా అని వాళ్ల నాన్న ఫోన్ చేశాడట. ఆ మాట నాకు చెబుతూ ఆమె నవ్వింది గానీ, నవ్వు నిలవలేదు. సంస్థకు పెద్ద మెయిల్ రాసింది. పటాన్ని ఇలా వాడుకుంటున్నారు, ఖండిస్తూ ఒక ప్రకటన చేయండి అని అడిగింది. సమాధానం వచ్చింది. ఆమె భాగస్వామ్యానికి ధన్యవాదాలు తెలిపి, సర్టిఫికెట్ జతచేశారు.

నాకు మాత్రం ఫోన్లు రావడం మొదలైంది. ఫ్లెక్సీలో ఉన్న పేపర్ సారు మీరే కదా అని అడిగేవాళ్లు. ఒక ఆదివారం ఒక జంట ఏకంగా మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. లింగంపల్లిలో అద్దెకు ఉంటారట, ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. వాళ్లకు నేను ఉన్నదున్నట్టు చెప్పాను. నా మాట నమ్మొద్దు, తెల్లవారుజామున ఒకసారి వచ్చి మీరే నిలబడి చూడండి అన్నాను. ఆశ్చర్యం, వాళ్లు వచ్చారు. నేనూ వెళ్లాను. ఆరోజు మురిగిన గుడ్ల రోజు. ఆమె చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని కారులోకి పరుగెత్తింది. నా పని అయిందనుకున్నాను.

అతను కిటికీ అద్దం కాస్త దించి మాట్లాడాడు. “థాంక్యూ సార్, నిజం చెప్పారు. కానీ మేమేం ఉండబోవట్లేదు కదా. రేటు పెరిగాక ఎవరికైనా ఇచ్చేస్తాం.”

కొన్నారు. బావ దగ్గర నా పేరు చెప్పి కొంచెం తగ్గించమని కూడా అడిగారట.

ఇంత జరిగాక ఎవరైనా వదిలేస్తారు. నేను వదిలేశాను. ఆ అమ్మాయి వదల్లేదు. ఒకరోజు మా ఇంటికి వచ్చి, మెట్ల కింద చెప్పులు విప్పుతూ, మేడ మీద గదిలో ఎవరుంటారని నా భార్యను అడిగింది. ఒడిశా నుంచి వచ్చిన కార్మికుడు, ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు, కిరాయికి ఉంటున్నాడు అని చెప్పింది నా భార్య. అమ్మాయి మెట్లెక్కి వెళ్లింది. కాసేపటికి దిగి వచ్చినప్పుడు ఆమె ముఖం వేరేగా ఉంది.

“సార్, మనం ఇన్ని రోజులు జాగలున్నోళ్లనే అడిగినం,” అంది. “కిరాయికున్నోళ్లను ఒక్కర్ని గూడ అడగలే.”

మా ఊళ్లో ప్రతి మేడ మీదా కిరాయి గదులే. ఒడిశావాళ్లు, బిహార్‌వాళ్లు, అటు జహీరాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు ఇక్కడ అమ్ముకోవడానికి అంగుళం నేల లేదు, అందువల్ల అబద్ధం చెప్పాల్సిన అవసరమూ లేదు. అమ్మాయి ఆ పసుపు టీషర్టు మళ్లీ వేసుకోలేదు. ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లను వెంటపెట్టుకుని షేర్ ఆటోలో పొద్దున్నే వచ్చేది. షిఫ్టు దిగి వచ్చేవాళ్లను ఆపి, వచ్చీరాని హిందీలో అడిగేది. వాసన లేని రోజు నొక్కొద్దని కచ్చితంగా చెప్పేది. పటం ఆవిష్కరించినా యాప్ ఇంకా నడుస్తూనే ఉంది, ఘ్రాణానుభవం అంటే ఏమిటో అడగకుండానే వాళ్లు ముక్కుల మీద నొక్కారు. పండగలోపే పటంలో మా ఊరు ఎర్రబడింది. మొదట నారింజరంగు, తరువాత ఎరుపు. నా ఫోన్లో ఆ ఎరుపు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పుకోదగినదే. సొంత ఊరు ఎర్రబడితే సంతోషపడే మనిషి ఎలాంటివాడో మీరే ఆలోచించుకోండి.

బావ అరవలేదు. ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని నీళ్లు తాగాడు. రెండు బేరాలు తప్పిపోయాయని చెప్పాడు. ఊళ్లో ఇళ్లవాళ్లందరితో మాట్లాడానన్నాడు. కిరాయిదారులు ఆ యాప్ తీసేయాలి, లేదంటే గదులు ఖాళీ చేయాలి. అందరూ సరేనన్నారు, మీదొక్కటే మిగిలింది అన్నాడు. నా భార్య వంటింట్లోంచి వచ్చింది.

“అన్నా, మేం అర్ర కిరాయికిచ్చినం,” అంది. “వాని ముక్కును మేం కిరాయికి తీసుకోలే.”

బావ గ్లాసు కింద పెట్టి ఆమె వైపు చూశాడు. మీ జాగా కూడా ఆ ఎరుపులోనే ఉంది చెల్లె, యాది పెట్టుకో అన్నాడు. తెలుసు అంది. ముక్కు నొక్కితే సగం ధరకు అడుగుతారని నన్ను హెచ్చరించిన మనిషే ఆమె. ఏం మారిందని తరువాత అడిగితే, మన ఇంట్లో ఎవరుండాలో బయటివాడు చెప్పేది ఏంది అంది. గాలి గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఈ కథ మొత్తంలో నేను తలవంచి గౌరవించిన మాట ఆమెదొక్కటే, అదీ గాలి కోసం అన్నది కాదు.

మిగతా ఇళ్లలో బావ చెప్పినట్టే జరిగింది. కిరాయివాళ్లు యాప్ తీసేశారు. తీసేయనివాళ్లు గదులు మారారు. చలి తగ్గేలోపు పటంలో మా ఊరు ఎరుపు నుంచి నారింజకు, నారింజ నుంచి పచ్చకు తిరిగి వచ్చింది. వాసన మాత్రం ఎప్పటిలాగే వచ్చింది.

ఆ తరువాత జరిగింది నా ఊహకు కూడా అందనిది. సంస్థ తన చివరి నివేదిక విడుదల చేసింది. దాని అట్ట మీద మా ఊరి పటాలు పక్కపక్కన ఉన్నాయి. ఎడమవైపు ఎర్రటి ఊరు, కుడివైపు పచ్చటి ఊరు. పైన ‘ఎరుపు నుంచి పచ్చకు: పౌరుల డేటా తెచ్చిన మార్పు’ అని రాశారు. లోపల డైరెక్టర్ ముందుమాట ఉంది. ప్రజలు గొంతెత్తగానే పరిశ్రమలు స్పందించాయనీ, కొద్ది వారాల్లోనే గాలి మెరుగుపడిందనీ, విద్యార్థులూ విలేకరులూ నాయకులూ చేతులు కలిపితే సాధించలేనిది లేదనీ రాశాడు. జోగిపేట అమ్మాయికి ప్రత్యేక కృతజ్ఞతలు చెప్పాడు.

నేను ఫోన్ చేశాను. ఆ పచ్చరంగు ఎలా వచ్చిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఇళ్లవాళ్లు బెదిరించిన సంగతి, కార్మికులు గదులు మారిన సంగతి అన్నీ చెప్పాను. ఆయన మధ్యలో అడ్డురాలేదు. వినడంలో ఆయన్ని మించినవాడు లేడు.

“అంటే, మార్పు ఎలా వచ్చిందన్నది ముఖ్యం అంటున్నారు మీరు. కదా?” అన్నాడు చివర్లో.

మార్పే రాలేదంటున్నానని చెప్పాను. మీరు చాలా నిరాశలో ఉన్నట్టున్నారు, క్షేత్రంలో పనిచేసేవాళ్లకు అది సహజం, కొంచెం విశ్రాంతి తీసుకోండి అన్నాడు. అంత మెత్తగా నన్ను ఎవరూ తిట్టలేదు. నిధుల గడువు తీరిపోయి కొన్నాళ్లకు ఆ యాప్ తెరుచుకోవడం మానేసింది. ఆయన ఇప్పుడు వేరే జిల్లాలో నీళ్ల మీద పనిచేస్తున్నాడని విన్నాను. ఆ జిల్లావాళ్ల మీద నాకు జాలి కూడా కలగడం లేదు. వాళ్లలోనూ ఒక బావ ఉంటాడు, నాలాంటి విలేకరి ఒకడుంటాడు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాసన లేదనే మనుషులూ ఉంటారు.

అమ్మాయి చదువు ఈ వేసవిలో పూర్తయింది. ఆమె చివరి ఏడాది ప్రాజెక్టు ఈ పటం గురించే. ఎవరూ నొక్కని చోట పచ్చరంగు వేయడం ఎందుకు తప్పో రాసింది. పరీక్షించడానికి వచ్చినాయన పేజీలు తిరగేసి, ఫలితాలు సానుకూలంగా లేవే అన్నాడట. మార్కులు మాత్రం వేశాడు.

మొన్న ఆమె మిఠాయి డబ్బా తీసుకుని మా ఇంటికి వచ్చింది. ఉద్యోగం వచ్చిందంది. ఎక్కడ అని అడిగితే, మా ఊరి ముందున్న కంపెనీల్లో ఒక దాంట్లోనే, పర్యావరణ విభాగంలో అని చెప్పింది. పొగగొట్టాల కొలతలు చూసే పనట. నా నాలుక చివరికి ఒక వెటకారపు మాట వచ్చింది. ఇన్నేళ్లుగా ఎవరి మీదైనా విసరడానికి సిద్ధంగా పెట్టుకునే మాటల్లాంటిదే. ఆమె నా ముఖం చదివినట్టుంది.

“మీరేమనుకుంటున్రో నాకెర్కే సార్,” అంది. “బయటినుంచి ఎవ్వర్నడిగినా ఏం కనవడలే. లోపలికి వోయి చూస్తా.”

“లోపల వాళ్లు చూడనిస్తరా బిడ్డా?” అన్నాను.

“చూడనియ్యకుంటే అది గూడ ఎర్కైతది గదా,” అంది.

నా భార్య మిఠాయి డబ్బా తెరిచి, ముందు మేడ మీద అతనికి ఇచ్చి వస్తానని మెట్లెక్కింది. నేను ఆ అమ్మాయిని బస్టాపు దాకా బైకు మీద దింపి వచ్చాను. దారిలో ఆమె జీతం గురించి, హాస్టల్ గురించి, నాన్న పెట్టిన షరతుల గురించి మాట్లాడింది. నేను విన్నాను. నా దగ్గరున్న మాట అలాగే నోట్లో ఉండిపోయింది, దాన్ని ఎవరి మీద విసరాలో తెలియలేదు.